లైన్ క్లియర్ అడిగిన మనిషి

మొన్న మధ్యాహ్నం షాపులో ఉండగా ఫోను మోగింది. ఎత్తితే మనిషి కాదు, రికార్డు చేసిన ఆడగొంతు. "మీరు సమర్పించిన అర్జీ పరిష్కరించబడినది. పరిష్కారం పట్ల సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి. చెందకపోతే రెండు నొక్కండి," అంది. అర్జీ పెట్టిన మనిషి పోయి అప్పటికి పంతొమ్మిది రోజులు. ఆయన తన ఫోను ఎప్పుడూ ఇంట్లో మర్చిపోయి వచ్చేవారు కాబట్టి ప్రతి అర్జీ మీదా నా నంబరే వేయించేవారు. ఆ గొంతు అదే మాట మూడుసార్లు చెప్పి, నేనేదీ నొక్కకపోయేసరికి ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. ఆ సాయంత్రం దాకా షాపుకొచ్చిన ప్రతివాళ్ళనీ కసిరాను. కోపం ఎవరి మీదో వాళ్ళు చేతికి అందనప్పుడు జిరాక్సుకొచ్చినవాళ్ళే దొరుకుతారు.

నాది బందరులో చిన్న డీటీపీ షాపు. ప్రతి సోమవారం అర్జీలు తీసుకునే ఆఫీసు ఒకటి దగ్గర్లోనే ఉంది. దాని పేరు రాయను, అలాంటివన్నీ ఒకలాగే ఉంటాయి. పింఛను ఆగిపోయిందని, పాస్‌బుక్కులో పేరు తప్పుపడిందని, పక్కవాడు గట్టు జరిపాడని జనం చెబుతుంటే నేను టైపు చేస్తాను. మాది చేపలు పట్టుకుని బతికిన కుటుంబం. సముద్రం గురించి నాకెవరూ కొత్తగా చెప్పక్కర్లేదనుకునేదాన్ని. ఆయన వచ్చేదాకా.

మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలికి రాకుండా తలెత్తి నా షాపులోకి వచ్చే సర్వీసు వైరు చూశారు. తర్వాత మీటరు చూశారు. తర్వాత ఫ్యాను కొక్కెం చూశారు. ఇవన్నీ అయ్యాక నన్ను చూసి, "జాయింటు దగ్గర టేపు ఊడిందమ్మా, వానొస్తే షాకు కొడుతుంది," అన్నారు. చొక్కా జేబులో పెన్నూ, దాని పక్కన టెస్టరూ. ఎడమచేతికి చివరి రెండు వేళ్ళు లేవు. రిటైరైన లైన్‌మన్. వాళ్ళ ఊరు దివిసీమలో, నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్ళాలి. భార్య పోయాక గుడివాడలో టీచరు పని చేసే కూతురి దగ్గర ఉంటున్నారు. నేను మావయ్యగారూ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అనేవారు.

కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, "రాయమ్మా," అన్నారు. "సమస్త దేశాల ప్రభుత్వముల వారికి. త్రూ ప్రాపర్ ఛానెల్."

నాకు నవ్వొచ్చింది. ఆయన ఏమీ అనుకోలేదు. "నవ్వుకో అమ్మాయ్, టైపు మాత్రం ఆపకు," అన్నారు.

"ఇది బందరులో ఇస్తే ప్రపంచానికి ఎలా వెళ్తుందండీ?"

"ముప్ఫై మూడేళ్ళు సర్వీసు చేశాను. నా ట్రాన్స్‌ఫర్ కాగితం ఏ.ఈ. గారి ద్వారా డి.ఈ. గారికి, ఆయన ద్వారా ఎస్.ఈ. గారికి వెళ్ళింది. పైవాళ్ళకి నేరుగా రాస్తే మెమో ఇస్తారు. ఇదీ అంతే. ఇక్కడివాళ్ళు అమరావతికి పంపాలి, వాళ్ళు ఢిల్లీకి పంపాలి, ఢిల్లీ వాళ్ళు మిగతా దేశాలకి పంపాలి. పంపకపోతే ఎవరి దగ్గర ఆగిందో మనకి తెలుస్తుంది కదా."

సముద్రం తమ ఊళ్ళోకి ఎలా వచ్చేస్తోందో పేజీన్నర చెప్పారు, అర్జీలో అసలు అడిగే సంగతి మాత్రం నాలుగు లైన్లే. బొగ్గు, డీజిలు, గ్యాసు కాల్చి కరెంటు చేయడం మానేసి ఎండతో, గాలితో చేసే కరెంటుకు మారవలెను. ముందు ఎక్కువ కాల్చిన దేశాలు ముందు మారవలెను, లేని దేశాలకు సామాను ఇవ్వవలెను. అందుకు ప్రతి ప్రభుత్వమూ ఎల్.సి. ఇవ్వవలెను. అక్కడ నేను ఆగాను. ఎల్.సి. అంటే ఏమిటని అడిగాను.

"లైన్ క్లియర్," అన్నారాయన. "నేను స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కి చెప్తాను. ఆపరేటరు లైను ఆపి, పుస్తకంలో నంబరు వేసి, టైము వేసి, సంతకం పెట్టి, ఎల్.సి. ఇచ్చాను ఎక్కండి అంటాడు. నేను దిగి ఎల్.సి. తిరిగిచ్చేదాకా ఆ లైను ఎవడూ ముట్టుకోకూడదు. ఎమ్మెల్యే ఫోను చేసినా ముట్టుకోకూడదు. ఎందుకంటే పైన ఒక మనిషి ఉన్నాడు." ఎడమచేయి టేబులు మీద పెట్టారు. "ఒకసారి నోటిమాట మీద ఎక్కాను. ఆపేస్తున్నానండీ, మీరెక్కుతూ ఉండండి అన్నాడు. ఎక్కాను. నాకు వేళ్ళే పోయాయి. పక్కనున్న వాడు పూర్తిగా పోయాడు."

ఆ తర్వాత నేను నవ్వలేదు. టైపు అయ్యాక అలవాటు కొద్దీ కింద "ప్రార్థిస్తున్నాను" అని కొట్టాను. ప్రతి అర్జీకీ చివర అదే ఉంటుంది. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని చదివి, ఆ మాట మీద గోరు పెట్టి, తీసెయ్యమన్నారు.

"అది ఫార్మాటండీ మావయ్యగారూ."

"ప్రార్థన నిన్న చర్చిలో చేసొచ్చాను. అది ఆయనకి. వీళ్ళని అడగడమే."

"మరి ఏమని రాయమంటారు?"

"అడుగుతున్నాను అని రాయి. దానికి తెలుగులో మాట ఉంది కదా."

ఆ తర్వాత మూడేళ్ళు, ఒంట్లో బాగున్న ప్రతి సోమవారమూ వచ్చారు. ఆదివారం ప్రార్థన, సోమవారం అర్జీ. గుడివాడలో పొద్దున్నే బస్సెక్కి, దారి పొడుగునా కిటికీలోంచి తీగలు చూసుకుంటూ వచ్చేవారు. గుడ్లవల్లేరు దగ్గర ఏ స్తంభం వంగిందో, ఏ చేపల చెరువు మీద నీళ్ళు చిలికే ఏరేటర్లు ఎన్ని తిరుగుతున్నాయో చెప్పేవారు. "ఆ చెరువుల మీద ఎండంతా ఊరికే పడిపోతోందమ్మా. అంతెండ పెట్టుకుని ఎక్కణ్ణించో బొగ్గు రైల్లో తెచ్చి కాలుస్తున్నాం. దీన్నేమంటారో నువ్వే చెప్పు," అనేవారు. నేను చెప్పిన మాట ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఆయన కోపంలో అరుపు ఉండేది కాదు. అరుపు నాది. ఆయన ఎదుటివాడు చెప్పింది పూర్తిగా విని, తల ఊపి, లైన్‌మన్ భాషలో ఒక ప్రశ్న అడిగేవారు. ఒకరోజు పేపరు పట్టుకొచ్చారు. అన్ని దేశాలవాళ్ళూ ఏటా ఏదో ఒక నగరంలో సభ పెట్టుకుంటారు కదా, దాని గురించి. ఆ మధ్య ఒక ఏడు చివరి గంటలో బొగ్గు "ఆపేస్తాం" అన్న మాట కొట్టేసి "తగ్గిస్తాం" అని మార్చుకున్నారని అందులో గుర్తుచేస్తూ రాశారు. ఆయన ఆ లైను కింద పెన్నుతో గీత గీసి నాకు చూపించారు.

"హైటెన్షన్ లైనుకి తగ్గించడం ఉండదమ్మా. బ్రేకరు తీయడమో, వేయడమో. లైను సగం ఆపాను ఎక్కండి అంటే నేను సగమే చస్తానా?"

నాకు ఒళ్ళు మండింది. అన్ని దేశాల నుంచి విమానాలేసుకుని వెళ్ళిన పెద్దమనుషులు కలిసి చేసిన పని ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాసుకోవడం. ఆ పని నా షాపులో చేసి పెడతాను కదా, కూర్చున్న చోటే. ఒక దేశం ఇంకో దేశం వైపు చూపిస్తుంది. వాళ్ళు మానితే మేం మానతాం అంటుంది. ధనిక దేశం డబ్బిస్తానని ఏళ్ళ తరబడి నాన్చుతుంది. మధ్యలో మనబోటి వాళ్ళకి మాత్రం గంటసేపు లైట్లు ఆర్పమని ప్రకటనలు. ఒకసారి బందరులో అలాగే లైట్లార్పి కొవ్వొత్తులు పట్టుకుని ఫోటోలు దిగారు. ఆయన ఆ ఫోటో చూసి, "జనాన్ని చీకట్లో కూర్చోమనడం తేలికే. నేను ఎవరినీ చీకట్లో పెట్టమనడం లేదు. లైను మార్చేటప్పుడు ముందు కొత్త లైను వేసి, దాంట్లో సప్లయి ఇచ్చి, అప్పుడు పాత లైను దింపుతాం. ఊరికి తెలియనుకూడా తెలియదు. ఆ పని చేతనైనవాళ్ళు కావాలి, అంతే," అన్నారు.

ఒక సోమవారం నేను కూడా ఆయనతో ఆఫీసులోకి వెళ్ళాను. బల్ల వెనక కూర్చున్న అధికారి మర్యాదస్తుడే. అర్జీ మొత్తం చదివాడు. ఆ మాత్రం చదివినవాడు అతనొక్కడే.

"మంచి విషయమేనండీ. కానీ ఇది మన పరిధిలోది కాదు కదా," అన్నాడు.

"సముద్రం మా పరిధిలోకి వచ్చేసిందండీ. అది ఎవరి పర్మిషన్ తీసుకుంది?" అన్నారు మావయ్యగారు.

"తీరం కోతకి చాలా కారణాలుంటాయండీ. పైన డ్యాములు కట్టాక నదిలో ఒండ్రు రావడం లేదు. మడ చెట్లు కొట్టేశారు."

"నిజమేనండీ. వాటికి వేరే అర్జీ పెడతాను. ఇది దీని గురించి."

అధికారి కుర్చీలో కదిలాడు. "ప్రభుత్వం కట్టుబడే ఉందండీ. సోలార్ వస్తోంది, విండ్ వస్తోంది. అన్ని దేశాలూ లక్ష్యాలు పెట్టుకున్నాయి. మీరు కూడా మీ డాబా మీద పలకలు పెట్టించుకుంటే..."

"పెట్టించానండీ, మా అమ్మాయి డాబా మీద. నా వంతు అయింది. ఇప్పుడు మీ వంతు. ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు మీతో, లైను ఆపాలని లక్ష్యం పెట్టుకున్నానండీ, మీరు ఎక్కండి అన్నాడనుకోండి. మీరు స్తంభం ఎక్కుతారా?"

ఆ అధికారి టేబులు మీదున్న బెల్లు కొట్టి, తర్వాతి వాళ్ళని పంపమన్నాడు. రసీదు మాత్రం ఇచ్చారు.

ఆ రసీదు ఎక్కడికెళ్ళిందో నెల తర్వాత తెలిసింది. అర్జీ నిండా సముద్రం అన్న మాట ఉంది కాబట్టి, కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళెవరో దాన్ని చేపల పడవల సంగతి చూసే ఆఫీసుకి పంపారు. అక్కణ్ణించి నాకు ఫోను.

"అర్జీదారు బోటు నంబరు చెప్పండి."

"ఆయనకి బోటు లేదండీ."

"బోటు లేకుండా సముద్రం మీద అర్జీ ఎందుకు పెట్టారండీ?"

నేను అన్న మాటలకి అతను ఫోను పెట్టేశాడు. పది రోజులకి కాగితం వచ్చింది. "అర్జీదారునికి బోటు లేనందున అర్జీ ముగించడమైనది." ప్రపంచ దేశాలన్నీ బొగ్గు మానాలన్న అర్జీకి మన దగ్గర దొరికిన సమాధానం అది. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. ఆయన పెద్దగా నవ్వడం అప్పుడే చూశాను. నవ్వు ఆగాక, "బోటు కొనాల్సొస్తుందేమో అమ్మాయ్. మా ఊళ్ళోకి వెళ్ళాలంటే ఇక అదే దారి," అన్నారు. మళ్ళీ రాయమని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

నాకు పట్టలేక ఒకసారి అడిగాను. "ఎందుకు మావయ్యగారూ ఇంత తాపత్రయం? ఎవరు వింటున్నారు?" ఆయన వచ్చే శనివారం ఖాళీగా ఉంటావా అని అడిగారు. ఆ శనివారం ఇద్దరం వాళ్ళ ఊరు వెళ్ళాం. నాగాయలంక దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో, ఆటో వెళ్ళలేని చోటు నుంచి నడక.

ఊరి చివర మూడు స్తంభాలు నీళ్ళలో ఉన్నాయి. తీగలు తీసేశారు. వాటిని పాతించింది ఆయనే. మొదటిసారి ఆ వీధిలో లైటు వెలిగిన రోజు ఆడవాళ్ళు ఆయనకి హారతి ఇచ్చారట. "నేను మోసుకొచ్చింది కరెంటనుకున్నాను. దాని వెనక బొగ్గు పొగ ఉందనీ, అది తిరిగి తిరిగి మా ఊరి మీదకే నీళ్ళై వస్తుందనీ నాకెవరూ చెప్పలేదు. తెలిసినవాళ్ళకి అప్పటికే తెలుసు. వాళ్ళు చెప్పలేదు. నాకు మండేది అక్కడ," అన్నారు. దివిసీమ ఉప్పెన నాటికి ఆయన బడికెళ్ళే కుర్రాడు. దాని గురించి అడిగితే ఒక్క మాటే అన్నారు. "అది ఒక్కరోజు వచ్చి వెళ్ళిపోయింది. ఇది వచ్చి కూర్చుంది."

అక్కణ్ణించి సమాధుల తోటకి తీసుకెళ్ళారు. భార్య సమాధికి కొత్తగా సున్నం వేసి ఉంది. ఆవిణ్ణి పెట్టిన రోజు నేల పొడిగా ఉందట, సముద్రానికీ తోటకీ మధ్య తాటిచెట్ల వరస ఉండేదట. ఇప్పుడు చెట్లు లేవు. సమాధి పక్కన నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పాతి ఉన్నాయి.

"ఇది నాది. పాస్టరుగారికి, సంఘానికి చెప్పి ఉంచాను. ఆవిడ పోయే ముందు, ఒక్కదాన్నీ వదిలెయ్యకండి అంది. సరే అన్నాను. నేను మాటిచ్చి తప్పిన మనిషిని కాదమ్మా." సమాధి దగ్గర్నుంచి నీటి అంచు దాకా అడుగులు వేసుకుంటూ వెళ్ళి, వెనక్కి వచ్చారు. ఎన్ని అడుగులో నాకు చెప్పలేదు. "ఎవరు వింటున్నారని అడిగావు కదా. ఈ ప్రభుత్వాలన్నీ కలిసి త్వరగా ఆపితే నాకు ఈ చోటు మిగలకపోవచ్చు, ఇంకొకడికి మిగులుతుంది. అదీ కాదంటే, ఈ చోటు కంటే నేను ముందు పోతే చాలు."

ఆయన ముందు పోలేదు. అంటే, చోటు ముందు పోయింది. ఆరోజు పొద్దున టిఫిను తింటూ గుడివాడలో కుప్పకూలిపోయారని కూతురు ఫోను చేసింది. నేను షాపు మూసి వెళ్ళాను. మరునాడు వ్యానులో పెట్టె ఎక్కించి, పామర్రు, మొవ్వ మీదుగా దివిసీమకి తీసుకెళ్ళాం. సంఘంవాళ్ళు ఆ నాలుగు ఇటుకల మధ్య గొయ్యి తవ్వుతూ ఉన్నారు. మోకాలి లోతు దాటలేదు, అడుగు నుంచి నీళ్ళు ఊరాయి. బకెట్లతో తోడారు. తోడినంతా మళ్ళీ వచ్చింది. తవ్వుతున్నవాళ్ళలో ఒకాయన వేలితో ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూసి ఊసాడు. ఉప్పు.

పక్కకి జరిపి ఇంకోచోట తవ్వారు. అక్కడా అంతే. పాస్టరుగారు పుస్తకం మూసి పట్టుకుని నిలబడ్డారు. ఎవరో పెద్దాయన, "పెట్టె దింపి పైన బరువు పెడదామమ్మా, మునుగుతుంది," అన్నాడు. అతని తప్పేమీ లేదు, ఏదో దారి చెప్పాలని చెప్పాడు.

"మా నాన్నని నీళ్ళల్లో తొక్కి పెట్టను," అంది వాళ్ళమ్మాయి.

పెట్టె మళ్ళీ వ్యానెక్కింది. ఊరికి వెలుగు తెచ్చినవాడికి ఊళ్ళో ఆరడుగుల పొడి నేల దొరకలేదు. వచ్చిన దారినే వెనక్కి వచ్చాం. దారిలో ఆ అమ్మాయి ఏడవలేదు, నేనూ ఏడవలేదు. ఎవరి పేరు పెట్టి తిట్టాలో తెలియక పళ్ళు నూరుకుంటూ కూర్చున్నాను. ఎన్ని దేశాలున్నాయో అన్ని దేశాల ప్రభుత్వాలూ ఆ వ్యానులో మాతోపాటు పెట్టె పక్కన బల్ల మీద కూర్చుని రావాల్సింది అనిపించింది. గుడివాడ సమాధుల తోటలో, ఆయనకి ఏ సంబంధమూ లేని వరసలో, ఒక మూల పెట్టాం. సున్నం వేసిన సమాధిలో ఆవిడ అక్కడ ఒక్కతే ఉండిపోయింది.

నిన్న సోమవారం వాళ్ళమ్మాయి సెలవు పెట్టి నా షాపుకి వచ్చింది. "అమ్మని తెచ్చుకుంటానక్కా. ఇంకో రెండు పెద్ద పోట్లు వస్తే ఆ సమాధి ఉండదు. ఎముకలైనా తీసి నాన్న పక్కన పెడతాను. దానికి పర్మిషన్ కావాలట," అంది. టైపు చేశాను. మృతురాలి సమాధిని తరలించుటకు అనుమతి. కారణం, సముద్రం లోపలికి వచ్చుచున్నందున. చివర ఏం రాయాలో ఆ అమ్మాయిని అడగలేదు. అడుగుతున్నాను అని రాశాను.

ఇద్దరం ఆఫీసుకి వెళ్ళి వరసలో నిలబడ్డాం. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి కొత్తది, చిన్నది. అర్జీ చదివి నిజంగానే బాధపడింది. "అయ్యో అండీ," అంది. పేరు కొట్టింది, ఊరు కొట్టింది. తర్వాత స్క్రీను మీద వేలు పైకీ కిందకీ జరుపుతూ ఆగిపోయింది.

"ఇది ఏ శాఖ కిందకి వస్తుందండీ? ఇందులో ఏదో ఒకటి సెలెక్ట్ చేస్తేగానీ ముందుకెళ్ళదు. రెవెన్యూ పెట్టనా? ఎండోమెంట్స్?"

"కరెంటు," అన్నాను.

"కరెంటు కాదండీ, ఇది సమాధి గురించి కదా."

"కరెంటేనండీ," అంది వాళ్ళమ్మాయి. "కరెంటు శాఖకే రాయండి."

ఆ పిల్ల నవ్వబోయి, మా మొహాలు చూసి, చేతులు కీబోర్డు మీద పెట్టుకుని అలాగే కూర్చుంది. వెనకనుంచి ఎవరో త్వరగా కానివ్వండమ్మా అన్నారు. మేం పక్కకి జరగలేదు.